క్లచ్చు లేని ట్రాక్టరు కొత్తదేం కాదు, పాత గేరుబాక్సు దేవుడేం కాదు

పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

వారం రోజులుగా ఒక వీడియో మన గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. ఒక కుర్రోడు ట్రాక్టరు మీద కాలు కదపకుండా కూర్చుని, చేత్తో బటన్ నొక్కి గేర్లు మారుస్తున్నాడు. కింద కామెంట్లలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ "ఇక క్లచ్చు తొక్కే రోజులు పోయాయి, కొంటే ఇదే కొనాలి" అంటోంది. రెండో పార్టీ "పాతదే బంగారం, మా నాన్న కొన్న బండి ముప్పై ఏళ్ళయినా గేరుబాక్సు విప్పింది లేదు, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు" అంటోంది.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. మొదటి వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదని తెలీదు. రెండో వాళ్ళు పాతదాని రోగాలన్నీ మర్చిపోయారు. నేను 1994 నుంచి ట్రాక్టరు తోలుతున్నాను. మూడు బండ్లు మార్చాను. రెండు గేరుబాక్సులు వేపచెట్టు కింద విప్పిస్తే పక్కనే కూర్చుని, ఒక్కో పళ్ళచక్రం కిరసనాయిల్లో కడిగి ఇచ్చాను. ఆ మాత్రం అనుభవంతో రాస్తున్నా. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటా.

ముందు పాతదాని సంగతి చూద్దాం.

మన పాత బండ్లలో ఎక్కువగా ఉండేది స్లైడింగ్ మెష్ అనే రకం. లోపల షాఫ్టుకి పొడుగునా గాడులుంటాయి. మనం గేరు రాడ్డు కదిపితే పళ్ళచక్రమే ఆ గాడుల మీద జరిగి, ఎదుటి చక్రం పళ్ళలో దూరుతుంది. అంతే యంత్రం. పళ్ళు తిన్నగా కోసినవి కాబట్టి ఒకదాన్నొకటి పక్కకి తోసుకోవు, బేరింగుల మీద ఆ భారం పడదు. మధ్యలో జారేదీ లేదు, కాలేదీ లేదు. ఇంజిను బలం పెద్దగా వృథా కాకుండా చక్రాలకి చేరుతుంది. గేర్లు మార్చడానికి పంపులూ వాల్వులూ అక్కర్లేదు, చక్రాలే తిరుగుతూ ఆయిల్ చిమ్ముకుంటాయి. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోసి స్టార్ట్ చేసుకోవచ్చు. ఇవన్నీ నిజమైన గొప్పలే. కాదనను.

మరి రోగాలు? ఒక్కటొక్కటిగా చెప్తా.

మొదటిది, నడుస్తుండగా గేరు మార్చలేం. బండి ఆపాలి. నల్లరేగడిలో నాగలితో పోతూ పోతూ గట్టి దొన వచ్చిందనుకోండి, అక్కడ కింది గేరు కావాలి. ఆపి, వేసి, మళ్ళీ కదిలించేసరికి వెనక చక్రం అక్కడికక్కడే తిరిగి గొయ్యి తీస్తుంది. అది భయపడి మనోళ్ళు ఏం చేస్తారు? పొలం మొత్తం కింది గేరులోనే దున్నుతారు. లేదంటే సగం క్లచ్చు తొక్కి పట్టి లాగిస్తారు. ఒకదాంట్లో డీజిలు పోతుంది, ఇంకోదాంట్లో క్లచ్చు ప్లేటు పోతుంది.

రెండోది, చక్రాలు పూర్తిగా ఆగకముందే రాడ్డు నెడితే పళ్ళ అంచులు చిట్లుతాయి. "గర్ర్" మని వచ్చే ఆ శబ్దం ఊరికే పోదు, ఇనప రజనుగా ఆయిల్లో పడుతుంది. మాసీ లాంటి బండ్లలో గేరుబాక్సుకీ, వెనక హౌసింగుకీ, హైడ్రాలిక్కుకీ ఒకటే ఆయిల్. ఆ రజను పోయి హైడ్రాలిక్ పంపుకి తగులుతుంది. అప్పుడు మనం "లిఫ్టు లేవట్లేదు" అని లిఫ్టు విప్పిస్తాం. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

మూడోది సింగిల్ క్లచ్చు. పాత బండికి రోటావేటరు కట్టి, క్లచ్చు తొక్కండి. బండీ ఆగాలి, పిటివో కూడా ఆగాలి. కానీ వెనక తిరుగుతున్న బరువు వెంటనే ఆగదు, అది తిరుగుతున్నంతసేపూ గేరుబాక్సు ద్వారా బండినే ముందుకి నెడుతుంది. గట్టు దగ్గర క్లచ్చు తొక్కినా బండి ఎందుకు ఆగలేదని కొత్త డ్రైవర్లు బిక్కచచ్చిపోయేది ఇందుకే. డబల్ క్లచ్చు వచ్చాక సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పిటివో ఆగుతుంది. కొత్త బండ్లలో పిటివోకి వేరే లివరే పెట్టారు. ఇది షోకు కాదు, ప్రాణానికి సంబంధించిన మార్పు.

నాలుగోది రాయాలంటే నాకు చెయ్యి ఆడదు. అయినా రాస్తా.

2006లో సుబాబుల్ కర్ర లోడుతో కాలువ కట్ట దిగుతున్నాను. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేశాను. అందరం చేసే పనే. సగం దిగాక బండి వేగం పట్టింది. బ్రేకు తొక్కితే వెనక లోడు నెడుతోంది, ట్రాలీ పక్కకి తిరుగుతోంది. గేరు వేద్దామని రాడ్డు నెట్టాను. పడలేదు. ఎందుకు పడుతుంది? షాఫ్టు ఒక వేగంలో, చక్రం ఇంకో వేగంలో తిరుగుతుంటే స్లైడింగ్ గేరు చచ్చినా పడదు. ట్రాలీ కట్ట మీద నుంచి పక్కకి ఒరిగింది. లోడు మీద కూర్చున్న మా అన్న కొడుక్కి కాలు విరిగింది. వాడికిప్పుడు 34 ఏళ్ళు, ఇవాళ్టికీ కుంటుతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

కాబట్టి "పాత గేరుబాక్సు దేవుడు" అని రాసే తమ్ముళ్ళూ, కొంచెం ఆగండి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ ఆ తప్పు దిద్దుకునే అవకాశం ఆ పెట్టె ఇవ్వదు. ఒకసారి న్యూట్రల్లోకి వెళ్ళి వాలులో పడితే మళ్ళీ గేరు దొరకదు.

ఇప్పుడు కొత్త పార్టీ వాళ్ళ దగ్గరికి వద్దాం.

క్లచ్చు తొక్కకుండా గేరు మారడం 2020ల్లో పుట్టిన విద్య కాదు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1954లోనే ఫార్మాల్ సూపర్ ఎం టి ఏ అనే ట్రాక్టరుకి టార్క్ యాంప్లిఫయర్ అని పెట్టారు. మామూలు గేరుబాక్సు ముందు ఇంకో చిన్న గేర్ల జత. గట్టి నేల రాగానే పక్కనున్న లివర్ లాగితే, బండి ఆగకుండానే వేగం దాదాపు మూడో వంతు తగ్గి లాగుడు పెరుగుతుంది. 1959లో ఫోర్డు వాళ్ళు సెలెక్ట్ ఓ స్పీడ్ అని 10 ముందు గేర్లు, 2 వెనక గేర్లు, అన్నీ నడుస్తుండగానే మారేలా తెచ్చారు. 1962లో మాసీ ఫెర్గూసన్ మల్టీ పవర్ వచ్చింది, 6 గేర్లని 12 చేసింది. 1963లో జాన్ డీర్ 4020కి 8 ముందు గేర్లు, 4 వెనక గేర్లతో పవర్ షిఫ్ట్ వచ్చింది. అంటే నేను పుట్టకముందే ఇవన్నీ అయిపోయాయి.

వాటి గొప్ప ఏంటంటే, ఇందాక చెప్పిన గట్టి దొన కష్టం పోయింది. నాగలి నేలలో ఉండగానే గేరు దించుకోవచ్చు, ఎక్కించుకోవచ్చు. రోజుకి దున్నే నేల పెరిగింది. 4020 పవర్ షిఫ్ట్ బండ్లు ఇప్పటికీ అక్కడ రైతుల దగ్గర పనిచేస్తున్నాయి, పాత బండ్ల బజారులో వాటికి గిరాకీ ఉంది.

మరి వాటి రోగాలు వీడియోలో చూపించరు కదా, నేను చెప్తా.

టార్క్ యాంప్లిఫయర్, మల్టీ పవర్ రెండింట్లోనూ కింది వేగంలో ఉన్నప్పుడు బలం ఒక వైపే పోయే రకం క్లచ్చు ద్వారా వెళ్తుంది. సైకిలు ఫ్రీవీలు గుర్తు తెచ్చుకోండి. తొక్కితే చక్రం తిరుగుతుంది, తొక్కడం ఆపినా చక్రం దాని దారిన పోతుంది. అచ్చం అలాగే. వాలులో దిగుతున్నప్పుడు ఇంజిను బండిని పట్టుకోదు. గేరులో ఉన్నట్టే ఉంటుంది, కానీ న్యూట్రల్లో ఉన్నట్టే జారుతుంది. పైగా మనం సహజంగా వాలు రాగానే "నెమ్మదిగా పోదాం" అని కింది వేగంలోకే మారుస్తాం. సరిగ్గా అక్కడే పట్టు ఉండదు. నా కాలువ కట్ట కథ చదివారు కదా, దీని అర్థం మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఫోర్డు సెలెక్ట్ ఓ స్పీడ్ అయితే మొదట్లో వచ్చిన బండ్లు రైతుల్ని బాగా ఏడిపించాయి. ఆయిల్ ఒత్తిడితో బిగిసే బ్యాండ్లు, క్లచ్చులు, వాల్వులు. ఒక్కటి సరిగ్గా సర్దకపోయినా గేరు మారేటప్పుడు బండి ఎగిరి దూకేది. తర్వాత మార్పులు చేసి బాగుచేశారు, కానీ పేరు మాత్రం పోయింది.

ఇంకోటి. పవర్ షిఫ్ట్ రకం పెట్టెలు ఆయిల్ ఒత్తిడి మీద బతుకుతాయి. ఇంజిను తిరిగితేనే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే గేరు పట్టుకుంటుంది. అందుకే పవర్ షిఫ్ట్ బండిని తోసి స్టార్ట్ చేయలేం. ఆయిల్లో దమ్ము నీళ్ళు కలిసి మజ్జిగలా తెల్లబడితే పాత పెట్టె కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోదు.

ఇది ట్రాక్టర్లకే కాదు. మా బావమరిది కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. వాడికి పాత అమెరికా బండ్ల పిచ్చి. వాడు చెప్పిన సంగతులు విని నేను కూడా కొంత చదివాను. అక్కడ పెద్ద ఇంజిను కార్లలో, పికప్ బండ్లలో 1960ల నాటి ఆటోమేటిక్ పెట్టెలు మూడింటికి మంచి పేరు. 1962లో వచ్చిన క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 727, 1964లో వచ్చిన జనరల్ మోటార్స్ టర్బో 400, 1966లో వచ్చిన ఫోర్డు సి6. మూడూ మూడేసి గేర్లవే. కంప్యూటర్ లేదు. ఎంత గట్టివంటే టర్బో 400ని రోల్స్‌రాయిస్ వాళ్ళే కొనుక్కుని తమ కార్లలో పెట్టుకున్నారు. లోపం ఏంటంటే పై గేరు లేదు. ఇంజినుకీ గేరుకీ మధ్య ఆయిలే బలాన్ని మోస్తుంది కాబట్టి ఎప్పుడూ కొంత జారుడు ఉంటుంది, ఆ జారుడు వేడిగా మారుతుంది, పెట్రోలు తాగుతుంది. 1973లో పెట్రోలు కరువొచ్చాక అది ఎవరికీ గిట్టలేదు. 1982లో జనరల్ మోటార్స్ నాలుగు గేర్లతో 700ఆర్4 తెచ్చింది, నాలుగోది పెట్రోలు ఆదా చేసే గేరు. ఆదా అయింది. కానీ యాక్సిలరేటర్ నుంచి పెట్టెకి ఒక కేబులు ఉండేది. లోపలి ఆయిల్ ఒత్తిడి ఆ కేబులు మీదే ఆధారపడేది. దాన్ని సరిగ్గా సర్దకుండా తోలితే ఒత్తిడి చాలక లోపలి క్లచ్చులు కాలిపోయేవి.

చూశారా? మొద్దుగా ఉన్నది గట్టిగా ఉంది, కానీ తిండి ఎక్కువ. తెలివైనది తక్కువ తింటుంది, కానీ ఒక్క కేబులు తెలియనోడి చేతిలో పడితే చచ్చింది. ఏ దేశంలోనైనా ఇదే లెక్క.

మనకి ఇవేవీ తెలియవనుకోకండి. డెల్టాలో వరి కోసే చైన్ మిషన్లు చూడండి. వాటిల్లో చాలావాటికి నడక ఆయిల్ మీదే. పంపు ఆయిల్ని తోస్తే మోటారు తిరుగుతుంది, మోటారు చైన్లని తిప్పుతుంది. పడిపోయిన వరి దగ్గర డ్రైవరు లివర్ కొంచెం వెనక్కి తెస్తే మిషను నత్తలా పోతుంది, కోసే బ్లేడు వేగం మాత్రం తగ్గదు. ఆ సుఖం పాత గేరుతో రాదు. కానీ అదే మిషను సీజన్ మధ్యలో ఆగిపోతే మన ఊరి మెకానిక్ ముట్టుకోడు. ఓనరు ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చోవాల్సిందే. కోతకొచ్చిన చేను మాత్రం ఆగదు, మబ్బు కూడా ఆగదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. పాతదా కొత్తదా, ఎన్ని గేర్లు, బటనా రాడ్డా అనేది రెండో ప్రశ్న. చిన్న రైతుకి మొదటి ప్రశ్న ఒక్కటే. చెడిపోతే దాన్ని ఎవరు విప్పగలరు, ఎన్ని రోజుల్లో?

నా పాత బండి మూడో గేరు జారిపోతుంటే మా ఊరి మెకానిక్ రెండు రోజుల్లో విప్పి బిగించాడు. స్ప్రింగు, బాలు, ఒక ఫోర్కు మార్చాడు. సామానుతో కలిపి నాకైంది 4,200. పోయిన ఏడాది మా తమ్ముడి కొడుకు 55 హెచ్‌పి బండి, కంపెనీ పేరు రాయను, ముందుకీ వెనక్కీ మార్చే షటిల్ లివర్ పని చేయడం మానేసింది. ఇనుము విరగలేదు, పళ్ళు అరగలేదు. లోపల ఒక వాల్వుకి కరెంటు సిగ్నల్ పోవట్లేదట. అది తెలుసుకోవడానికి ల్యాప్‌టాప్ ఉన్న మనిషి రావాలి. ఆ మనిషి మూడు జిల్లాలకి ఒక్కడే. 16 రోజులు బండి కొట్టంలో ఉంది. జూలై పదును, పత్తి విత్తనం వేళ. వాడు కిరాయి ఒప్పుకున్న పొలాలన్నీ వేరే వాళ్ళకి పోయాయి. సొంత చేను కూడా అద్దె బండితో దున్నించుకున్నాడు. బ్యాంకు కంతు మాత్రం తారీకు తప్పలేదు.

దీనికి మందు "పాతదే కొనండి" అనేది కాదు. పాత బండి నిలబడిందంటే దాని ఇనుము ఒక్కటే కారణం కాదు. ఆరోజుల్లో దానికి కట్టింది గొర్రు, ట్రాలీ. ఇప్పుడు అదే బండికి రోటావేటరు కట్టి గంటల తరబడి తిప్పుతున్నాం. పైగా మీకు కనిపించేది బతికున్న బండ్లే. విరిగినవి ఎప్పుడో పాత ఇనుము కొట్టుకి పోయాయి, వాటి గురించి ఎవరూ పోస్టు పెట్టరు. సామాను సంగతి కూడా చూడండి. హెచ్‌ఎంటి జీటర్ ఎంత గట్టి బండి! 1971 నుంచి పింజోర్‌లో చేశారు. 2016లో కేంద్రం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. ఇప్పుడు ఆ బండి ఉన్నోళ్ళు గేరు సామాను కోసం ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నారో వాళ్ళనే అడగండి.

మనం అడగాల్సింది వేరే. కొత్త పెట్టె అమ్మేవాడు దాన్ని విప్పే విద్య కూడా అమ్మాలి. సర్వీసు పుస్తకం తెలుగులో ఇవ్వాలి. తప్పు ఎక్కడుందో చూపించే పరికరం డబ్బు కట్టిన ఏ మెకానిక్‌కైనా దొరకాలి. ఊరి మెకానిక్‌లకి శిక్షణ ఇవ్వాలి. సీజన్లో ఇన్ని రోజుల్లో బాగుచేస్తాం, లేకపోతే వేరే బండి ఇస్తాం అని కాగితం మీద రాయాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలని కూడా అందులో చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల యంత్రాల రిపేరు హక్కుకి చట్టమే చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వేల ఎకరాలున్న వాళ్ళకే ఆ బాధ ఉంటే, మూడెకరాల వాళ్ళం మనం ఎందుకు నోరు మూసుకోవాలి?

మన తప్పులు కూడా చెప్పుకుందాం, లేకపోతే ఎదుటోడిని అడిగే నోరుండదు. క్లచ్చు పెడలు మీద కాలు పెట్టి తోలడం మానండి, అది పాదం పెట్టుకునే పీట కాదు. చవగ్గా దొరికిందని ఏదో ఒక ఆయిల్ పోయకండి. ఆయిల్ బ్రేకులున్న బండికి మామూలు 90 నంబరు గేరాయిల్ పోస్తే బ్రేకు ప్లేట్లు పాడవుతాయి, పుస్తకంలో ఏది రాస్తే అదే పోయండి. దమ్ము అయిపోయాక ఒకసారి ఆయిల్ రంగు చూడండి, తెల్లబడితే మార్చండి. బండి పూర్తిగా ఆగకుండా రాడ్డు నెట్టకండి. లోడు మీద మనుషుల్ని కూర్చోబెట్టకండి. వాలులో న్యూట్రల్ చేయకండి. ఏ గేరులో ఎక్కాల్సొస్తుందో ఆ గేరులోనే దిగండి. చివరి రెండూ మా అన్న కొడుకు కాలు నేర్పినవి.

షోరూముకి పోయినప్పుడు ఎన్ని గేర్లని అడగకండి, అది వాళ్ళే చెప్తారు. ఈ మూడు అడగండి. వాలులో ప్రతి గేరులోనూ ఇంజిను బండిని పట్టుకుంటుందా? బ్యాటరీ గానీ సెన్సరు గానీ పోతే పొలం నుంచి ఇంటికి ఎలా తెచ్చుకోవాలి? ఈ పెట్టె విప్పగలిగిన మనిషి మా ఊరికి ఎంత దూరంలో ఉన్నాడు? మూడింటికీ జవాబు దొరికితే బటన్ బండే కొనుక్కోండి, నేనూ సంతోషిస్తా. నా మోకాళ్ళు కూడా క్లచ్చు తొక్కి తొక్కి అరిగిపోయాయి. జవాబు దొరకకపోతే మాత్రం కాఫీ తాగేసి ఇంటికి వచ్చేయండి.

మీ ఊళ్ళో గేరుబాక్సు పని తెలిసిన మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడో, పోయిన సీజన్లో మీ బండి ఎన్ని రోజులు ఆగిందో కింద రాయండి. కంపెనీని తిట్టక్కర్లేదు, రోజులు మాత్రం లెక్కగా రాయండి. అవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఈసారి మండలంలో వ్యవసాయాధికారి మీటింగు పెట్టినప్పుడు నేనే చదివి వినిపిస్తా.

ఉంటాను. రేపు పొద్దున మిరప నారుకి నీళ్ళు పెట్టాలి.